వైరస్‌కు మందే లేదా? ఆదోని నుంచి ఒక కూతురు అడిగిన ప్రశ్నకు ఛాతీ వైద్యుడి సమాధానం

అమ్మా, మీ నాన్నగారికి 67 ఏళ్లని, చాలా కాలంగా షుగర్ ఉందని, శుక్రవారం సాయంత్రం ఉన్నట్టుండి చలిజ్వరం, ఒళ్లు నొప్పులు, పొడిదగ్గు మొదలయ్యాయని రాశారు. ఆదివారం ఆదోనిలో డాక్టరుగారు చూసి, ఫ్లూ అయి ఉండవచ్చని ఒసెల్టామివిర్ 75 మిల్లీగ్రాముల మాత్రలు పూటకొకటి చొప్పున రోజుకు రెండు, అయిదు రోజులకు రాశారు. మందుల షాపులో మాత్రం "వైరస్‌కు మందే లేదు, ఇది దండగ ఖర్చు" అని అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి పంపారు. డాక్టరుగారు "శనివారమే వచ్చి ఉంటే ఇంకా బాగుండేది" అన్న మాట మిమ్మల్ని వేధిస్తోంది. ఎవరి మాట వినాలి, ఇంట్లో గర్భవతిగా ఉన్న వదినకు, అయిదేళ్ల పిల్లవాడికి కూడా ఆ మాత్రలు వేయాలా, ఒకవేళ కరోనా అయితే ఏ మందులున్నాయి అన్నవి మీ ప్రశ్నలు.

కారణాలు తర్వాత చెబుతాను. ముందు ఈ రాత్రే ఒసెల్టామివిర్ మొదలుపెట్టించండి. చీటీ మీ దగ్గరే ఉంది కాబట్టి ఆ షాపులో లేకపోతే మరో షాపులో తీసుకోండి. పరీక్ష ఫలితం కోసం ఆగవద్దు. ఏమైనా తిన్న తర్వాత వేస్తే వికారం తక్కువగా ఉంటుంది. డెక్సామెథసోన్ వేసుకున్న సంగతి డాక్టరుగారికి ఫోను చేసి చెప్పి, దాన్ని ఆపేయండి. మీ నాన్నగారికి ఈ మధ్య మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితం కూడా ఆయనకు చూపించండి. ఒసెల్టామివిర్ మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. షుగర్ వల్ల మూత్రపిండాలు దెబ్బతిని ఉంటే మోతాదు తగ్గించాలి, మందు మాత్రం మానకూడదు.

షాపు ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్‌కు మందు లేదు. ఆ ఒక్క వైరస్‌లోనే 160కి పైగా రకాలున్నాయి. పసిపిల్లల్ని ఆయాసపెట్టే ఆర్‌ఎస్‌వీకి నోటితో వేసుకునే మంచి మందు ఇప్పటికీ లేదు. పారాఇన్‌ఫ్లుయెంజా, మెటాన్యుమోవైరస్‌ల సంగతీ అంతే. కానీ ఫ్లూకు మందుంది, కరోనాకు మందుంది. అన్నిటినీ ఒకే గాటన కట్టేసి మందే లేదనడం వల్ల, అవసరమైన వాళ్లకు కూడా అందకుండా పోతోంది.

ఇన్ని వైరస్‌లలో కొన్నిటికే మందు ఎందుకుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. బ్యాక్టీరియా తనంతట తాను బతికే కణం. దానికి గోడ ఉంటుంది, మన కణాలకు ఉండదు. పెన్సిలిన్ ఆ గోడ కట్టుకోకుండా అడ్డుపడుతుంది కాబట్టి బ్యాక్టీరియా చస్తుంది, మనకేమీ కాదు. ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లు బ్యాక్టీరియాలో ఒక తీరుగా, మనలో మరో తీరుగా ఉంటాయి. అజిత్రోమైసిన్ వాటి రైబోజోమ్‌ను పట్టేస్తుంది, మనదాన్ని వదిలేస్తుంది. వైరస్‌కు గోడా లేదు, రైబోజోమూ లేదు. కాస్త జన్యుపదార్థం, దాని చుట్టూ ప్రొటీన్ తొడుగు, కొన్నిటికి పైన ఒక కొవ్వు పొర, అంతే. మన కణంలో దూరి మన రైబోజోమ్‌లతోనే, మన శక్తితోనే తన సంతానాన్ని చేయించుకుంటుంది. అందుకే అజిత్రోమైసిన్ ఎన్ని రోజులు మింగినా ఫ్లూ వైరస్ మీద దాని పని ఏమీ ఉండదు. మన కణంలోని యంత్రాంగాన్నే ఆపే మందు ఇస్తే వైరస్‌తో పాటు మన కణమూ పోతుంది. ఇక మిగిలిన దారి ఒక్కటే. వైరస్‌కే సొంతమైన ప్రొటీన్లు, ముఖ్యంగా ఎంజైములు, కొన్ని ఉంటాయి, వాటిని వెతికి పట్టుకోవాలి. అవి ఒక్కో వైరస్ కుటుంబానికి ఒక్కో రకం. ఫ్లూ మందు కరోనాకు, కరోనా మందు ఫ్లూకు పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మీ నాన్నగారి గొంతులో, శ్వాసనాళాల్లో జరుగుతున్నది చూద్దాం. ఫ్లూ వైరస్ పైపొర మీద రెండు రకాల ప్రొటీన్లు ముళ్లలా పొడుచుకుని ఉంటాయి. ఒకటి హీమాగ్లుటినిన్, రెండోది న్యూరామినిడేజ్. హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అని పత్రికల్లో చదివే పేర్లలోని హెచ్, ఎన్ ఇవే. మన శ్వాసనాళాల కణాల మీద చక్కెర గొలుసులు ఉంటాయి, వాటి చివర సియాలిక్ ఆమ్లం ఉంటుంది. హీమాగ్లుటినిన్ దాన్ని పట్టుకుంటుంది. కణం ఆ వైరస్‌ను ఒక చిన్న తిత్తిలో చుట్టి లోపలికి తీసుకుంటుంది. తిత్తిలో ఆమ్లత్వం పెరుగుతుంది. వైరస్ పొరలోని ఎం2 అనే సన్నని మార్గం గుండా ఆ ఆమ్లత్వం లోపలికి చేరాక, వైరస్ విడిపోయి దాని జన్యు ముక్కలు బయటపడతాయి. ఈ మార్గాన్ని మూసేదే అమాంటడిన్. అమెరికాలో 1966లోనే అనుమతి పొందిన మందు. ఇప్పుడు తిరుగుతున్న ఫ్లూ-ఏ వైరస్‌లు ఆ మార్గంలో ఒకే ఒక్క చోట మార్పు చేసుకుని దానికి దాదాపు పూర్తిగా లొంగకుండా పోయాయి. ఫ్లూ-బి మీద అది మొదటినుంచీ పనిచేయలేదు. పార్కిన్సన్స్ జబ్బుకు ఇప్పటికీ వాడతారు, ఫ్లూకు మాత్రం వాడకూడదు.

బయటపడిన ఎనిమిది ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కణకేంద్రకంలోకి చేరతాయి. అక్కడ వైరస్ చేసే పని గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. మన కణంలో ప్రొటీన్ తయారీ ఆదేశాన్ని మోసే ప్రతి సందేశ ఆర్‌ఎన్‌ఏకు మొదట ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉంటేనే రైబోజోమ్ దాన్ని చదువుతుంది. ఫ్లూ వైరస్‌కు ఆ గుర్తు తయారుచేసుకోవడం రాదు. మన సందేశాల తలలు కత్తిరించి తన సందేశాలకు అతికించుకుంటుంది. ఆ కత్తిరించే ఎంజైమును ఆపే మందు బాలోక్సావిర్. జపాన్‌లో 2018 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. ఒక్క మోతాదుతో సరిపోవడం దాని సుగుణం. అయితే కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, చికిత్స నడుస్తుండగానే వైరస్ దానికి లొంగకుండా మారడం గమనించారు.

మీ నాన్నగారికి రాసిన ఒసెల్టామివిర్ పనిచేసేది చివరి దశలో. కొత్త వైరస్‌లు కణం పైపొరను చుట్టుకుని మొలకెత్తినట్టు బయటకు వస్తాయి. కానీ వెంటనే వెళ్లిపోలేవు. కణం మీదా, కొత్త వైరస్‌ల ఒంటి మీదా అదే సియాలిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి, హీమాగ్లుటినిన్ మళ్లీ దాన్నే పట్టేస్తుంది. న్యూరామినిడేజ్ ఆ సియాలిక్ ఆమ్లాన్ని తెంపేస్తేనే వైరస్ విడివడి పక్క కణానికి చేరుతుంది. ఒసెల్టామివిర్ ఆ ఎంజైములోని గుంటలో కూర్చుంటుంది. తెంపేవాడు లేక కొత్త వైరస్‌లు పుట్టిన కణం మీదే ఒకదానికొకటి అంటుకుని గుంపుగా ఉండిపోతాయి. ఇందులో గమనించవలసిన సంగతి ఉంది. ఈ మందు లోపల ఉన్న వైరస్‌ను చంపదు, అప్పటికే దెబ్బతిన్న కణాన్ని బాగుచేయదు. వ్యాపించడాన్ని ఆపుతుంది, అంతే.

ఆ గుంట ఆకారాన్ని 1983లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఫ్లూ వైరస్ ఏటా పైరూపం మార్చుకుంటుంది గానీ, గుంట లోపలి భాగం మారితే సాధారణంగా ఎంజైము పనే దెబ్బతింటుంది. అందుకే మందు తయారీకి దాన్ని ఎంచుకున్నారు. పీల్చే జనామివిర్, నోటితో వేసుకునే ఒసెల్టామివిర్ రెండూ 1999లో వాడకంలోకి వచ్చాయి. నరం ద్వారా ఎక్కించే పెరామివిర్ తర్వాత వచ్చింది. ఒసెల్టామివిర్ తయారీకి మూలపదార్థమైన షికిమిక్ ఆమ్లాన్ని మన బిర్యానీలో వేసే అనాస పువ్వు నుంచి తీసేవారు. ఆ సంగతి తెలిసినప్పటినుంచి అనాస పువ్వు కషాయం తాగితే ఫ్లూ పోతుందని ప్రచారం మొదలైంది. షికిమిక్ ఆమ్లానికి ఫ్లూను ఆపే గుణం లేదు. రసాయన కర్మాగారంలో ఎన్నో దశలు దాటితేనే అది మందవుతుంది. మీ అమ్మగారు కషాయం పెడితే తాగించండి, గొంతుకు హాయిగా ఉంటుంది. మాత్రకు బదులుగా మాత్రం వద్దు.

ఇక శనివారం సంగతి. మీది పత్తి పండించే ఇల్లని రాశారు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. గులాబీ రంగు పురుగు గుడ్డు దశలోనో, పిల్ల పురుగుగా కాయ బయటో ఉన్నప్పుడు కొట్టిన మందుకు ఫలితం ఉంటుంది. కాయ లోపలికి చేరాక అదే మందు రెండింతలు కొట్టినా గింజ దక్కదు. ఫ్లూలో లక్షణాలు మొదలైన మొదటి రెండు మూడు రోజుల్లోనే వైరస్ సంఖ్య పతాకస్థాయికి చేరుతుంది. ఆ తర్వాత వైరస్ తగ్గుతూ ఉంటుంది, ఊపిరితిత్తుల్లో వాపు మాత్రం పెరుగుతూ పోవచ్చు. దెబ్బతిన్న పొర మీదికి బ్యాక్టీరియా చేరి నెమ్ము తెస్తుంది. వ్యాప్తిని ఆపే మందు, వ్యాప్తి జరుగుతున్నప్పుడే పడాలి. 48 గంటల గడువు అనేది అందుకే వచ్చింది.

అలాగని ఈ మందు గొప్పతనాన్ని ఎక్కువ చేసి చెప్పను. మిగతా జబ్బులేమీ లేని పెద్దవాళ్లలో ఇది లక్షణాలుండే కాలాన్ని ఒక రోజుకు కాస్త తక్కువగానే తగ్గిస్తుంది. పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కొక్రేన్ సంస్థ 2014లో ఇచ్చిన సమీక్ష దాన్ని సుమారు 17 గంటలుగా లెక్కగట్టింది. ఇంట్లో ఉండి కోలుకునేవాళ్లు ఆసుపత్రి పాలవకుండా ఇది ఆపుతుందా అన్నదానిమీద నిపుణుల మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి 25 ఏళ్ల ఆరోగ్యవంతుడు ఒంటి నొప్పులతో నా దగ్గరకు వస్తే పారాసిటమాల్, విశ్రాంతి, నీళ్లు చాలంటాను. మీ నాన్నగారి లెక్క వేరు. వయసు 65 దాటింది, షుగర్ ఉంది. 2009 నాటి స్వైన్ ఫ్లూ సమయంలో ఆసుపత్రుల్లో చేరిన 29 వేల మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ 2014లో వచ్చింది. రెండు రోజుల్లోపు మందు మొదలైనవాళ్లలో మరణాల అవకాశం, ఆలస్యంగా మొదలైనవాళ్లతో పోలిస్తే దాదాపు సగం ఉంది. అది రోగుల్ని చీట్లు వేసి విడదీసి చేసిన ప్రయోగం కాదు, అయినా తీసిపారేయదగింది కాదు. మన కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. తేలిక జ్వరం దగ్గులను 'ఏ' అనే వర్గంలో పెట్టి మందు, పరీక్ష అక్కర్లేదన్నాయి. షుగర్, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లను, 65 దాటినవాళ్లను, గర్భిణులను, చిన్నపిల్లలను బి వర్గంలో పెట్టి ఇంట్లోనే ఒసెల్టామివిర్ ఇవ్వమన్నాయి. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత ఉన్న సి వర్గం వాళ్లను వెంటనే ఆసుపత్రిలో చేర్చమన్నాయి.

శనివారం పోయిందని బాధపడుతూ మందు మానేయవద్దు. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకు, ఆసుపత్రిలో చేరినవాళ్లకు 48 గంటలు దాటినా ఇస్తాం. లాభం తగ్గుతుంది గానీ లేకుండా పోదు.

కర్నూలులో ఏళ్ల తరబడి ఛాతీ జబ్బులు చూస్తున్నాను. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ ఆలస్యమే. కోసిగి, ఆలూరు వైపునుంచి మిరప కోతలకు, పత్తి ఏరడానికి గుంటూరు వైపు సుగ్గికి వెళ్లిన కుటుంబాల్లో ఇది మరీ ఎక్కువ. అక్కడ గుడారాల్లో అందరూ కలిసి పడుకుంటారు, ఒకరికి వస్తే పదిమందికి వస్తుంది. కూలి పోతుందని మూడు రోజులు ఓర్చుకుంటారు. తర్వాత ఒక సూది, ఒక సెలైన్, మళ్లీ పని. ఆయాసం మొదలయ్యాక ఊరికి బయల్దేరతారు. ఒకసారి నలభై ఏళ్ల ఒకామె వచ్చింది. వేలికి పెట్టిన ఆక్సీమీటరులో ఆక్సిజన్ 82 శాతమే చూపించింది, గోళ్లు నీలంగా ఉన్నాయి. కొంగుముడి విప్పి తాను వాడిన మాత్రల పట్టీలు బల్లమీద పెట్టింది. రెండు రకాల యాంటీబయాటిక్‌లు, నొప్పి మాత్రలు, స్టెరాయిడ్. ఫ్లూ అని తేలింది. ఆమె కొన్న మందుల ఖరీదు ఒసెల్టామివిర్ కోర్సు కంటే తక్కువేమీ కాదు. ఆమె కోలుకుంది, కానీ చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉండవలసి వచ్చింది.

డెక్సామెథసోన్ గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. అది వేసుకోగానే జ్వరం దిగుతుంది, ఒంట్లో హుషారు వస్తుంది, ఆకలి వేస్తుంది. రోగి సంతోషిస్తాడు. వైరస్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది, అడ్డుకోవలసిన రక్షణ వ్యవస్థ చేతులు కట్టేసినట్టవుతుంది. కరోనాలో ఇది ప్రాణాలు నిలిపిన మాట నిజం. 2020 జూన్‌లో బ్రిటన్‌లో 'రికవరీ' అనే పేరుతో జరిగిన పరిశోధన దాన్ని నిరూపించింది. అయితే ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే లాభం కనిపించింది, అవసరం లేనివాళ్లకు లాభం లేదు. ఫ్లూలో అయితే కేవలం ఫ్లూ కోసం స్టెరాయిడ్ ఇవ్వవద్దనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. షుగర్ ఉన్నవాళ్లకు ఇస్తే చక్కెర అదుపు తప్పుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ కళ్లను, దవడలను తినేసిన రోగుల్లో ఎక్కువమంది షుగర్‌తో బాధపడుతూ స్టెరాయిడ్లు వాడినవాళ్లే. నాన్నగారి షుగర్ ఈ నాలుగైదు రోజులు ఉదయం, సాయంత్రం చూడండి.

కరోనా మందుల గురించి కూడా అడిగారు. ఒకవేళ పరీక్షలో ఫ్లూ కాక కరోనా అని తేలితే ఒసెల్టామివిర్ ఆపేయవచ్చు, కరోనా వైరస్‌కు న్యూరామినిడేజ్ లేదు. దాని మీద పనిచేసే మందులు వేరు. రెమ్‌డెసివిర్ వైరస్ ఆర్‌ఎన్‌ఏ గొలుసులో నకిలీ అక్షరంగా చేరి, మరి కొన్ని అక్షరాలు పడ్డాక గొలుసును ఆపేస్తుంది. కరోనా వైరస్‌కు తప్పులు దిద్దుకునే ఎంజైము ఉంది. రెమ్‌డెసివిర్ దాని కన్ను కప్పగలగడం వల్లే పనిచేస్తుంది. 2021 వేసవిలో ఆ సీసాల కోసం జనం నగలు తాకట్టు పెట్టారు. పదో రోజున, ఊపిరితిత్తులు అప్పటికే గట్టిపడిన మనిషికి దాన్ని ఎక్కించమని బంధువులు కాళ్లావేళ్లా పడ్డారు. వాళ్ల వేదన అర్థం చేసుకోదగినదే, కానీ ఆ రోజుకు ఆపడానికి వైరస్ పెద్దగా మిగిలి ఉండదు. అదే మందును మొదటి వారంలో, ముప్పు ఉన్నవాళ్లకు మూడు రోజులు ఇస్తే ఆసుపత్రిలో చేరవలసిన అవసరం 87 శాతం తగ్గిందని 2021 చివర్లో వెలువడిన పరిశోధన చెప్పింది. మందు ఒకటే, ఇచ్చిన రోజు వేరు.

నిర్మాట్రెల్విర్ అనే మరో మందు కరోనా ప్రొటీన్లను ముక్కలుగా కోసే ఎంజైమును ఆపుతుంది. ఒంట్లో త్వరగా కరిగిపోకుండా దానికి రిటోనావిర్‌ను జతచేస్తారు. ఆ రిటోనావిర్ కాలేయంలో మందులు విరిగే తీరునే మార్చేస్తుంది. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలు, గుండె లయకు వాడే అమియోడరోన్ వంటివి రక్తంలో ప్రమాదకరంగా పెరుగుతాయి. మన ప్రాంతంలో క్షయకు మందులు వాడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాటిలోని రిఫాంపిసిన్ నిర్మాట్రెల్విర్‌ను పనిచేయనివ్వదు. అందుకని వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. మోల్నుపిరావిర్ వైరస్ నకళ్లలో తప్పులు పేరుకుపోయేలా చేస్తుంది. ఫలితం అంతంత మాత్రమే, గర్భిణులకు అసలు పనికిరాదు. 2020లో ఇక్కడ విరివిగా రాసిన ఫావిపిరావిర్‌కు కరోనాలో చెప్పుకోదగ్గ లాభం రుజువు కాలేదు.

ఇప్పుడు ఇంట్లోవాళ్ల సంగతి. మీ వదినగారికి ఆరో నెల అని రాశారు. గర్భంతో ఉన్నప్పుడు ఫ్లూ తీవ్రమయ్యే ప్రమాదం ఎక్కువ, ఒసెల్టామివిర్ వాళ్లకు ఇవ్వదగిన మందే. జ్వరం, దగ్గు మొదలైతే ఆ రోజే డాక్టరుగారికి చూపించండి. ఇంకా ఏమీ లేకపోయినా, నాన్నగారికి దగ్గరగా మెలిగి ఉంటే ముందు జాగ్రత్తగా రోజుకు ఒక మాత్ర చొప్పున ఇవ్వడం ఉంది. అది ఆమెను చూస్తున్న డాక్టరు నిర్ణయించాలి. పిల్లవాడికి జ్వరం లేకపోతే ఇప్పుడేమీ వద్దు. వస్తే మోతాదు బరువును బట్టి ఉంటుంది, పెద్దల మాత్రను విప్పి సగం వేయకండి. జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వండి, ఆస్పిరిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు. ఫ్లూ ఉన్న పిల్లల్లో అది మెదడుకు, కాలేయానికి ముప్పు తేవచ్చు. మిగతావాళ్లు ఊరికే ధైర్యం కోసం ఆ మాత్రలు వేసుకోవద్దు. 2007-08లో అప్పటి హెచ్1ఎన్1 రకం ఒసెల్టామివిర్‌కు లొంగకుండా మారి కొద్ది నెలల్లోనే దేశదేశాలకు పాకింది. 2009లో వచ్చిన కొత్త రకం మళ్లీ లొంగేదే కావడం మన అదృష్టం. నాన్నగారు మూడో రోజుకే తేలికపడినా అయిదు రోజుల మాత్రలూ పూర్తిచేయాలి.

ఆయన్ను గాలి ఆడే గదిలో పడుకోబెట్టండి, దగ్గరకు వెళ్లేవాళ్లు మాస్కు పెట్టుకోండి. ఆక్సీమీటరు ఉంటే రోజుకు మూడు నాలుగు సార్లు చూసి రాయండి. అంకె 94 కంటే తగ్గినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా, కఫంలో రక్తం కనిపించినా, మాటలు తడబడి మగతగా ఉన్నా, తగ్గిన జ్వరం రెండు రోజుల తర్వాత మళ్లీ తిరగబెట్టినా ఇక ఇంట్లో ఉంచవద్దు. తిరగబెట్టిన జ్వరం చాలాసార్లు బ్యాక్టీరియా నెమ్ము, యాంటీబయాటిక్ నిజంగా అవసరమయ్యేది అప్పుడే. కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు, ఆయాసం ముదిరాక ఆ దూరం ప్రయాణం చేయించడం కష్టం. కాబట్టి ముందు ఆదోనిలోనే ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి, అక్కడినుంచి అవసరమైతే అంబులెన్సులో పంపించమనండి. డాక్టరు చీటీ, వేసుకున్న మాత్రల పట్టీలు, ఒసెల్టామివిర్ ఏ పూట మొదలైందో రాసిన కాగితం వెంట ఉంచుకోండి.